రాజుల కోసం కట్టిన గుడి బిషప్ పీఠం ఎలా అయింది? డ్రెస్డెన్ హోఫ్‌కిర్షె చరిత్ర

ప్రశ్న ఇది: "డ్రెస్డెన్‌లో ఎల్బె నది ఒడ్డున, రాజకోట పక్కనే ఉన్న పెద్ద చర్చిని కొందరు హోఫ్‌కిర్షె అంటారు, కొందరు కథీడ్రల్ అంటారు. లూథర్ ప్రొటెస్టంట్ సంస్కరణ మొదలుపెట్టిన గడ్డ మీద రాజులు కథోలిక చర్చి ఎందుకు కట్టారు? అది మొదటినుంచీ బిషప్ చర్చేనా? కాస్త దూరంలో పెద్ద గుమ్మటంతో కనిపించే ఫ్రౌవెన్‌కిర్షెకూ దీనికీ సంబంధం ఉందా?"

ముందు సూటిగా జవాబు చెబుతాను. అది మొదటినుంచీ బిషప్ చర్చి కాదు. రాజకుటుంబం కోసం కట్టిన ఆస్థాన దేవాలయం, హోఫ్‌కిర్షె అంటే అర్థం అదే. 1739లో పునాది పడింది, 1751లో ప్రతిష్ఠ జరిగింది, 1980లో మేత్రాసన దేవాలయం, అంటే కథీడ్రల్, అయింది. ఒక బిషప్ పాలన కింద ఉండే ప్రాంతాన్ని మేత్రాసనం అంటారు. డ్రెస్డెన్ రాజధానిగా ఉన్న జర్మనీలోని సాక్సనీ ప్రాంతం మొత్తం మీద అతి పెద్ద చర్చి అయి ఉండి కూడా రెండు వందల ఏళ్లకు పైగా దానికి ఆ హోదా లేదు. చర్చి ఎంత పెద్దదైనా, సాక్షాత్తు రాజే కట్టించినా, మేత్రాసనాన్ని పాలించే బిషప్ పీఠం అందులో లేకపోతే అది కథీడ్రల్ కాదు. ఇది కట్టిన కాలంలో సాక్సనీకి బిషప్పే లేడు. ఎందుకు లేడో తెలిస్తే మీ మిగతా ప్రశ్నలకు కూడా జవాబు దొరుకుతుంది. చాలా ఏళ్లుగా ఈ ఊళ్లో ఉంటూ, చదువులకు, ఉద్యోగాలకు వచ్చే మనవాళ్లకు ఈ చర్చి చూపిస్తూ ఉంటాను. ప్రతిసారీ ఇవే సందేహాలు వస్తాయి కాబట్టి వివరంగానే రాస్తున్నాను.

ఒకప్పుడు ఇక్కడ బిషప్పులు ఉండేవారు. డ్రెస్డెన్‌కు ఎగువన కాదు, దిగువన, ఎల్బె వెంటే ఉన్న మైసెన్ పట్టణంలో 968లో చక్రవర్తి మొదటి ఒట్టో హయాంలో మేత్రాసనం ఏర్పడింది. 1517లో విటెన్‌బర్గ్‌లో లూథర్ మొదలుపెట్టిన సంస్కరణ (కథోలిక సభ నుంచి ప్రొటెస్టంట్లు విడిపోవడానికి దారితీసిన ఉద్యమం) పక్కనే ఉన్న డ్రెస్డెన్‌ను వెంటనే ముంచెత్తలేదు. అప్పటి డ్యూక్ గియోర్గ్ లూథర్‌కు బద్ధ విరోధి. ఆయన 1539లో పోయాక తమ్ముడు హైన్రిష్ గద్దెనెక్కి, అదే ఏడాది రాజ్యాన్ని లూథరన్ మతంలోకి, అంటే లూథర్ బోధించిన ప్రొటెస్టంట్ మార్గంలోకి, మార్చేశాడు. చివరి మైసెన్ బిషప్ 1581లో పదవి వదిలి తానే లూథరన్ అయ్యాడు. దాంతో ఆరు శతాబ్దాల మేత్రాసనం ముగిసింది. మైసెన్ కొండ మీద ఉన్న పాత కథీడ్రల్ ఈనాటికీ లూథరన్ల చేతుల్లోనే ఉంది. కథోలికులు మిగిలింది తూర్పున లౌసిట్జ్ ప్రాంతంలో. అక్కడ స్లావ్ భాష మాట్లాడే సోర్బుల పల్లెలు కొన్ని, బౌట్సెన్ పట్టణంలో పాత గురువుల (ఫాదర్ల) మండలి ఒకటి ఎలాగో నిలదొక్కుకున్నాయి. ఈ బౌట్సెన్ మండలిని గుర్తుంచుకోండి, చివర్లో మళ్లీ పనికొస్తుంది.

ఇక 1697కి వద్దాం. సాక్సనీ ఎలెక్టర్, అంటే జర్మన్ చక్రవర్తిని ఎన్నుకునే హక్కున్న కొద్దిమంది ప్రభువుల్లో ఒకడు, ఫ్రీడ్రిష్ అగస్ట్. ఒంటి బలం వల్ల ఆయనకు "బలశాలి అగస్టస్" అని పేరు. పోలండ్‌లో అప్పట్లో రాజును ప్రభువర్గం ఎన్నుకునేది. గద్దె ఖాళీ అయింది, రాజు కథోలికుడై ఉండాలి. అగస్టస్ వియన్నా దగ్గరి బాడెన్‌లో కథోలిక మతం తీసుకున్నాడు, ఎన్నిక గెలిచాడు, సెప్టెంబరులో క్రాకోవ్‌లో కిరీటం పెట్టుకున్నాడు. ఆయన మనసులో భక్తి ఎంత, రాజ్యకాంక్ష ఎంత అని ఇప్పటికీ వాదించుకుంటారు. నా మటుకు నాకు కిరీటమే కారణమనిపిస్తుంది. అయితే దానివల్ల వచ్చిన మార్పు మాత్రం ఆయనతో పోలేదు. ఆ తర్వాత రెండు వందల ఏళ్లకు పైగా సాక్సనీ పాలకులందరూ కథోలికులే.

ప్రజలు మాత్రం మారలేదు. మారాల్సిన అవసరమూ లేదు. 1648 వెస్ట్‌ఫేలియా శాంతి తర్వాత పాలకుడు మతం మారినా ప్రజల మతం మారనక్కరలేదు. పైగా అగస్టస్ తన రాజ్యంలో లూథరన్ మతానికి ఏ ఇబ్బందీ రాదని 1697లోనే రాతపూర్వకంగా హామీ ఇచ్చాడు. ఆయన భార్య క్రిస్టియానె ఎబర్‌హార్డీనె లూథరన్‌గానే ఉండిపోయింది. పోలండ్ రాణి అని పేరేగానీ ఆ దేశంలో అడుగే పెట్టలేదు. ప్రజలు ఆమెను సాక్సనీ భక్తికి మూలస్తంభంగా చూసుకున్నారు. 1727లో ఆమె చనిపోయినప్పుడు లైప్‌సిగ్‌లో జరిగిన సంతాప సభకు సంగీతం కట్టినవాడు ప్రసిద్ధ సంగీతకర్త యోహాన్ సెబాస్టియన్ బాఖ్. ఇంకో విచిత్రం చూడండి: జర్మన్ సామ్రాజ్య సభలో ప్రొటెస్టంట్ రాజ్యాల కూటమికి నాయకత్వం సాక్సనీదే. పాలకుడు కథోలికుడయ్యాక కూడా ఆ నాయకత్వం సాక్సనీ దగ్గరే ఉండిపోయింది.

అలాంటి ఊళ్లో రాజు పూజకు ఎక్కడికి వెళ్లాలి? ఊళ్లోని చర్చిలన్నీ లూథరన్లవే. 1708లో కోట పక్కనున్న నాటకశాలను మార్పించి కథోలిక ఆస్థాన ప్రార్థనాలయం చేశారు. పాత రంగస్థలం ఉన్న భవనంలో దివ్యపూజాబలి (మాస్) మొదలైంది. అక్కడ సేవ చేసినవాళ్లు జెస్యూట్ (యేసు సభ అనే కథోలిక సంఘానికి చెందిన) గురువులు. పాడటానికి బాలుర బృందాన్ని కూడా అప్పుడే పెట్టారు. ఆ బృందం ఇప్పటికీ ఇదే చర్చిలో పాడుతోంది. బొహీమియా నుంచి వచ్చిన సంగీతకర్త యాన్ డిస్మస్ జెలెంకా తన గొప్ప పూజా సంగీతమంతా ఆ తాత్కాలిక ప్రార్థనాలయం కోసమే రాశాడు. 1745లో కన్నుమూశాడు, కొత్త చర్చి పూర్తి కావడం చూడలేదు. బాఖ్ కూడా 1733లో, అప్పుడే గద్దెనెక్కిన కొత్త ఎలెక్టర్‌కు దివ్యపూజలో పాడే ఒక కిరియె, ఒక గ్లోరియా రాసి సమర్పించుకుని ఆస్థాన బిరుదు అడిగాడు. బిరుదు 1736లో వచ్చింది. ఆ రెండు భాగాలే తర్వాత బి మైనర్ మాస్‌గా ప్రపంచం పాడుకునే రచనకు ఆది అయ్యాయి. పక్కా లూథరన్ అయిన బాఖ్ కథోలిక రాజుకు సమర్పించినది అది!

ఆ కొత్త ఎలెక్టర్ బలశాలి అగస్టస్ కొడుకు. పోలండ్‌లో మూడవ అగస్టస్. తండ్రిలా కాదు, ఇతని కథోలిక విశ్వాసం నిజమైనది. 1712లో ఇటలీ యాత్రలో ఉండగా బొలోన్యాలో రహస్యంగా మతం మారాడు. ఆ సంగతి బయటపెట్టడానికి తండ్రికి 1717 దాకా ధైర్యం చాలలేదు. 1719లో హాబ్స్‌బర్గ్ చక్రవర్తి మొదటి యోజెఫ్ కూతురు మరియా యోజెఫాను పెళ్లాడాడు. ఆమె మహా భక్తురాలు. కోట పక్కన ఒక నాటకశాలలో పూజ జరగడం ఆ దంపతులకు ఎంత వెలితిగా ఉండేదో ఊహించుకోవచ్చు. వీళ్ల కూతుళ్లలో ఒకామె ఫ్రాన్స్ యువరాజును పెళ్లాడి పదహారవ లూయీకి తల్లి అయింది. ఈ చిన్న ఎలెక్టర్ రాజ్యం ఐరోపా కథోలిక రాజవంశాలతో ఎంతగా అల్లుకుపోయిందో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఇక్కడే మీ ఫ్రౌవెన్‌కిర్షె ప్రశ్నకు జవాబు వస్తుంది. అది పౌరుల చర్చి, లూథరన్ చర్చి. 1726లో పునాది వేసి, వడ్రంగి మేస్త్రిగా ఎదిగిన గియోర్గ్ బేర్ నమూనాతో కట్టి, 1743లో పూర్తి చేశారు. రాజు మతం వేరైనా మా మతం ఇదే అని ఊరు రాతిలో చెప్పిన మాటగా దాన్ని చూసేవారున్నారు. అందులో నిజముంది. ఆ రాతి గుమ్మటం పూర్తవుతున్న రోజుల్లోనే నది ఒడ్డున రాజు తన చర్చికి పునాది వేశాడు. కొద్ది నిమిషాల నడక దూరంలో రెండు మతాలు, రెండు శిల్ప సంప్రదాయాలు. ఒకదాన్ని గుమ్మటంతో, ఇంకోదాన్ని గోపురంతో గుర్తుపట్టవచ్చు.

రాజు స్థానికులను కాదని రోము నుంచి వచ్చిన వాస్తుశిల్పి గయెటానో కియావెరికి పని అప్పజెప్పాడు. 1739 జులైలో పని మొదలైంది. లూథరన్ ఊరిని రెచ్చగొట్టకుండా ఆర్భాటం లేకుండానే మొదలుపెట్టారు. కియావెరితో పాటు ఇటలీ పనివాళ్లు వచ్చారు. వాళ్లకోసం నది ఒడ్డునే గుడిసెలు వెలిశాయి. ఆ చోటికి "ఇటాలియన్ పల్లె" అనే పేరు నిలిచిపోయింది. గుడిసెలు ఎప్పుడో పోయాయి, అదే పేరుతో ఇప్పుడక్కడ ఒక భోజనశాల ఉంది. చర్చి పైకప్పు అంచుల మీద, గోడల గూళ్లలో నిలబెట్టిన 78 పునీతుల విగ్రహాలు లొరెంజో మాట్టియెల్లి చేతి పని, ఆయన శిల్పశాల పని. ఒక్కో విగ్రహం మనిషికి రెట్టింపు కొలత ఉన్నా కింద నుంచి చూస్తే సన్నగా, గాలిలో కదులుతున్నట్టు అనిపిస్తాయి. గోపురం సుమారు 85 మీటర్లు. దాన్ని బండరాయి దిమ్మలా కట్టలేదు, అంతస్తు అంతస్తుకూ తెరపి వదిలి, లోపలి నుంచి ఆకాశం కనిపించేలా కట్టారు.

కియావెరి చివరిదాకా ఉండలేదు. స్థానిక వాస్తుశిల్పులకూ ఆయనకూ పొసగలేదు. కట్టడం బలం మీద అనుమానాలు లేవదీశారు. 1740ల చివర్లో ఆయన ఊరు విడిచి వెళ్లిపోయాడు. మిగతా పని క్నోఫెల్, అతని తర్వాత ష్వార్ట్సె పూర్తి చేశారు. గోపురం ముగిసేసరికి 1755. వెనిస్ చిత్రకారుడు బెర్నార్డో బెల్లొట్టో 1748లో నది అవతలి ఒడ్డు నుంచి వేసిన ప్రసిద్ధ చిత్రంలో ఈ గోపురం చుట్టూ ఇంకా పరంజీ కనిపిస్తుంది. డ్రెస్డెన్ చిత్రశాలలో ఆ బొమ్మ ముందు తప్పకుండా నిలబడండి. ఆ తర్వాత బయటికొచ్చి అవతలి ఒడ్డుకు వెళ్లి అదే కోణం నుంచి చూడండి.

ఇప్పుడు నాకు ఈ చర్చిలో అన్నిటికంటే ముఖ్యమనిపించే విషయం. లోపలికి వెళ్లిన చాలామంది తిన్నగా బలిపీఠం వైపు చూస్తూ నడిచేస్తారు. ఒక్క క్షణం ఆగి పక్కలకు చూడండి. మధ్య ప్రాంగణం చుట్టూ, వరుస స్తంభాల వెనకగా, ఒక దారి ఉంటుంది. బలిపీఠం వెనక నుంచి కూడా తిరిగి వస్తుంది. మామూలు చర్చిలో మధ్య ప్రాంగణం పక్కనే నేరుగా పక్క నడవలు ఉంటాయి. ఇక్కడ మధ్య ప్రాంగణానికీ పక్క నడవలకూ నడుమ ఈ దారిని ప్రత్యేకంగా కట్టారు. ఎందుకంటే లూథరన్ సాక్సనీలో కథోలికులు వీధిలో ఊరేగింపు తీయకూడదు. గుణదల మాత ఉత్సవాల్లో జనంతో నిండిన ఊరేగింపు చూసినవాళ్లకు, దివ్యసత్ప్రసాద పండుగనాడు వీధి ప్రదక్షిణ చేసినవాళ్లకు, అది లేకపోతే పండుగకు ఎంత లోటో వేరే చెప్పనక్కరలేదు. దేశానికి రాజైనా తన దేవుణ్ణి వీధిలోకి తీసుకురాలేని పరిస్థితి. అందుకని కియావెరి వీధినే లోపలికి తెచ్చాడు. గురువు దివ్యసత్ప్రసాదం (క్రీస్తు శరీరంగా ఆరాధించే అప్పం) పట్టుకుని, ధూపం ముందు నడవగా, రాజకుటుంబం వెనక నడవగా, ఆ చుట్టుదారిలో ప్రదక్షిణ చేసేవారు. పైన గోడల్లో కనిపించే కిటికీల వంటి అరలు రాజకుటుంబం కూర్చుని పూజ చూసే చోట్లు.

గంటలదీ అదే గతి. గోపురంలో గంటలు ఉన్నా ఊరంతా వినిపించేలా మోగించే హక్కు లేదు. నెపోలియన్ కాలంలో, 1806 డిసెంబరులో జరిగిన పోజెన్ ఒప్పందంతో సాక్సనీ ఎలెక్టర్ రాజు అయ్యాడు, కథోలికులకు లూథరన్లతో సమాన హక్కులు వచ్చాయి. ఆ తర్వాతే ఈ గంటలు స్వేచ్ఛగా మోగాయి. ప్రతిష్ఠ జరిగిన 55 ఏళ్ల తర్వాత! ఈ భవనం గురించి చదివేవాళ్లు బరోక్ శైలి, విగ్రహాల వైభవం అంటూ రాస్తారు, అవన్నీ నిజమే. కానీ దీని గుండె నాకు ఈ చుట్టుదారిలోనూ, ఆ మూగ గంటల్లోనూ దొరుకుతుంది. బయటికి రాజదర్పం, లోపల ఒక అల్పసంఖ్యాక సమాజం ఒదిగి బతికిన తీరు.

ఇంకో చిన్న గమనిక: చర్చిలో బలిపీఠం సాధారణంగా తూర్పున ఉంటుంది. ఇక్కడ నైరుతి వైపు ఉంది. కోట, వంతెన, నది మధ్య దొరికిన స్థలంలో అలా ఒదిగింది. అందుకే పటం చూసినప్పుడు చర్చి ఏటవాలుగా పెట్టినట్టు అనిపిస్తుంది.

1751 జూన్ 29న, పునీత పేతురు పౌలుల పండుగనాడు, పోపు ప్రతినిధి అర్కింటో చేతుల మీదుగా ప్రతిష్ఠ జరిగింది. సంగీతం ఆస్థాన విద్వాంసుడు హాస్సె రాసిన కొత్త పూజాగీతం, కొత్త తెదేయుమ్ (దేవునికి కృతజ్ఞతా స్తోత్రం). చర్చిని పరిశుద్ధ త్రిత్వానికి అంకితం చేశారు. లోపలి ప్రసంగ వేదిక అంతకంటే పాతది. ఈ ఊళ్లోని త్స్వింగర్ రాజభవనం శిల్పాలతో పేరుపడ్డ బాల్తజార్ పెర్మోజర్ పాత ప్రార్థనాలయం కోసం చెక్కినది, దాన్నే ఇక్కడికి తెచ్చారు. ప్రధాన బలిపీఠం మీది క్రీస్తు మోక్షారోహణ చిత్రం ఆంటన్ రఫాయెల్ మెంగ్స్‌ది. రోములో మొదలుపెట్టి స్పెయిన్‌లో ముగించి పంపాడు. ఎత్తు పది మీటర్ల దాకా ఉంటుంది.

ఆర్గాన్ గురించి మాత్రం ఆగి చెప్పాలి. అది గాట్‌ఫ్రీడ్ జిల్బర్‌మన్ చివరి ఆర్గాన్, ఆయన చేసినవాటిలో అతి పెద్దది: మూడు మీటల వరుసలు, 47 స్వరశ్రేణులు. జిల్బర్‌మన్ లూథరన్. కథోలిక రాజు చర్చికి తన జీవితంలోకెల్లా పెద్ద పని ఒప్పుకున్నాడు, అది పూర్తి కాకముందే 1753లో చనిపోయాడు. శిష్యుడు జకారియాస్ హిల్డెబ్రాంట్ ముగించాడు. 1755 ఫిబ్రవరిలో అది మొదటిసారి మోగింది. డ్రెస్డెన్‌లో జిల్బర్‌మన్ చేసిన ఆర్గాన్లలో ఈనాటికి మిగిలింది ఇదొక్కటే. ఎలా మిగిలిందో కిందికి వస్తాను.

రాజుల వైభవం ఎక్కువ కాలం సాగలేదు. 1756లో పొరుగు జర్మన్ రాజ్యం ప్రష్యా సైన్యం సాక్సనీలోకి వచ్చిపడింది. మూడవ అగస్టస్ వార్సాకు వెళ్లిపోయాడు. రాణి మరియా యోజెఫా డ్రెస్డెన్‌లోనే ఉండిపోయి 1757లో శత్రు సైన్యం మధ్య కన్నుమూసింది. 1760లో ప్రష్యా ఫిరంగులు ఊళ్లోని క్రాయిట్స్‌కిర్షె చర్చిని నేలమట్టం చేశాయి. ఈ చర్చి బతికిపోయింది. 1763లో రాజు తిరిగొచ్చి కొద్ది నెలలకే పోయాడు. పోలండ్ కిరీటం కూడా ఆయనతోనే పోయింది. ఏ కిరీటం కోసం తాత మతం మారాడో ఆ కిరీటం మనవళ్లకు దక్కలేదు, మతం మాత్రం నిలిచింది. ఆయన, ఆయన రాణి ఈ చర్చి కింది సమాధి గదుల్లోనే ఉన్నారు. సాక్సనీని ఏలిన వెట్టిన్ వంశీయుల పేటికలు మొత్తం 49 అక్కడున్నాయి. బలశాలి అగస్టస్ శరీరం క్రాకోవ్‌లో ఉంది, గుండె మాత్రం ఒక లోహపు భరిణెలో ఇక్కడికి వచ్చింది. అందగత్తె పక్కనుంచి వెళితే ఆ గుండె కొట్టుకుంటుందని ఊళ్లో చెప్పుకుంటారు. పిల్లలకు ఆ కథ బాగా నచ్చుతుంది.

పందొమ్మిదో శతాబ్దంలో పరిస్థితి ఇది: రాజు కథోలికుడు, ప్రజల్లో నూటికి తొంభైమందికి పైగా లూథరన్లు. కథోలికుల వ్యవహారాలు చూడటానికి పోపు ప్రతినిధిగా ఒక పెద్ద గురువు ఉండేవాడు, కొన్నిసార్లు ఆయనకు బిషప్ బిరుదూ ఉండేది, కానీ మేత్రాసనం లేదు. అందుకని డ్రెస్డెన్‌లో బిషప్ బట్టలు కనిపించినా బిషప్ చర్చి లేదు. చర్చిని పోషించింది రాజు ఖజానా. కార్ల్ మరియా ఫాన్ వేబర్ వంటి ఆస్థాన సంగీతకారుడు 1818లో దీనికోసం పూజా సంగీతం రాశాడంటే అది ఉద్యోగంలో భాగంగానే.

1918 నవంబరులో చివరి రాజు గద్దె దిగాడు. రాజే లేకపోతే ఆస్థాన దేవాలయం ఎవరిది? ఆ ప్రశ్న నడుస్తుండగానే 1921లో పోపు పదిహేనవ బెనెడిక్ట్ మైసెన్ మేత్రాసనాన్ని 340 ఏళ్ల తర్వాత మళ్లీ స్థాపించాడు. ఇది చాలామంది తడబడే చోటు. పీఠం డ్రెస్డెన్‌కు రాలేదు, బౌట్సెన్‌కు వెళ్లింది. సంస్కరణ తుపానులో కూడా చెక్కుచెదరని గురువుల మండలి అక్కడ ఉంది కదా, దాని చర్చి అయిన పునీత పేతురు దేవాలయమే కథీడ్రల్ అయింది. హోఫ్‌కిర్షెకు పాత పేరు మిగిలింది, విశ్వాసులు మిగిలారు.

ఆ విశ్వాసులకు సేవ చేయడానికి వచ్చిన యువ గురువుల్లో ఒకరు అలోయిస్ అంద్రిట్స్కి. 1914లో రాడిబోర్ అనే సోర్బు పల్లెలో పుట్టారు. 1939లో గురుపట్టం పొంది ఇక్కడ సహాయ గురువుగా, యువకులకు, గాయక బాలురకు మార్గదర్శిగా చేరారు. వ్యాయామం బాగా వచ్చు, చేతుల మీద నడిచి పిల్లలను నవ్వించేవారట. నాజీల భావజాలాన్ని దాచకుండా విమర్శించేవారు. 1941 జనవరిలో అరెస్టు చేశారు. శిక్ష పూర్తయ్యాక వదలకుండా దాహౌ నిర్బంధ శిబిరానికి పంపారు. అక్కడ టైఫాయిడ్ పట్టుకుంది. 1943 ఫిబ్రవరి 3న విషపు ఇంజెక్షన్‌తో చంపేశారు. అప్పటికి ఆయనకు 28 ఏళ్లు. 2011 జూన్‌లో డ్రెస్డెన్‌లోనే ఆయనను ధన్యుడిగా (పునీతుడి హోదాకు ముందు మెట్టు) ప్రకటించారు. అస్థికలు ఇప్పుడు ఈ చర్చిలోనే ఉన్నాయి. రాజుల పేటికలు చూడటానికి కిందికి దిగే ముందు ఈయన దగ్గర కాసేపు నిలబడండి. ఈ చర్చిలో నేను ఎక్కువగా ప్రార్థన చేసుకునేది అక్కడే.

రాజవంశంలో కూడా అలాంటివాడొకడున్నాడు. చివరి రాజు పెద్ద కొడుకు గియోర్గ్, వారసత్వం వదులుకుని జెస్యూట్ గురువు అయ్యాడు, నాజీలకు ఎదురు నిలిచాడు. 1943 మేలో బెర్లిన్ దగ్గరి సరస్సులో ఈతకు దిగి తిరిగిరాలేదు. ఆయన కూడా ఈ సమాధి గదుల్లోనే ఉన్నాడు.

రెండో ప్రపంచ యుద్ధం చివర్లో, 1945 ఫిబ్రవరి 13, 14 తేదీల బాంబుదాడిలో పైకప్పు, కమానులు కూలిపోయాయి, లోపలంతా కాలిపోయింది. గోడలు, గోపురం నిలిచాయి. మెంగ్స్ చిత్రాన్ని, పెర్మోజర్ వేదికను ముందే విప్పి తరలించారు. ఆర్గాన్ గొట్టాలు, గాలిపెట్టెలు కూడా 1944లో విప్పి సోర్బు ప్రాంతంలోని మారియన్‌స్టెర్న్ కన్యాస్త్రీల మఠంలో దాచారు. అందుకే బతికాయి. చెక్క మందిరం మాత్రం అక్కడే ఉండి కాలి బూడిదైంది. పునర్నిర్మాణం తర్వాత కొత్త మందిరంలో పాత గొట్టాలు కూర్చి 1971లో ఆర్గాన్‌ను మళ్లీ మోగించారు.

ఆ పునర్నిర్మాణం కమ్యూనిస్టు తూర్పు జర్మనీలో జరిగిందని మరవకండి. పక్కనున్న రాజకోట దశాబ్దాలపాటు మొండిగోడలుగానే ఉండిపోయింది. ఫ్రౌవెన్‌కిర్షె రాళ్లకుప్పగా 1990ల దాకా ఎదురుచూసింది. కోట అవతలి వైపు గోతిక్ చర్చి సోఫియెన్‌కిర్షె గోడలను 1960ల ఆరంభంలో పార్టీ పెద్దలు పడగొట్టించారు. అదే కాలానికి రాజుల చర్చి మాత్రం మళ్లీ కప్పు వేసుకుని పూజలు మొదలుపెట్టింది. రాజు లేని ఊళ్లో, దేవుణ్ణి ఒప్పుకోని ప్రభుత్వం కింద, అతి కొద్దిమంది విశ్వాసులున్న సమాజం తన చర్చిని నిలబెట్టుకుంది. నాకు 1751 ప్రతిష్ఠ కంటే ఇది పెద్ద విషయం.

పీఠం మార్పు ఇక పరిపాలన అవసరంగా వచ్చింది. బౌట్సెన్ చిన్న పట్టణం, విశ్వాసులు, ప్రభుత్వ కార్యాలయాలు డ్రెస్డెన్‌లో. 1979 నవంబరులో మేత్రాసనం పేరు డ్రెస్డెన్-మైసెన్‌గా మార్చారు. 1980లో బిషప్ గెర్‌హార్డ్ షాఫ్రన్ హయాంలో పీఠం ఇక్కడికి వచ్చింది, హోఫ్‌కిర్షె కథీడ్రల్ అయింది. బౌట్సెన్ చర్చికి సహ కథీడ్రల్ హోదా మిగిలింది. ఊరివాళ్ల నోట మాత్రం పాత పేరే ఉంది. మీరు ఏ పేరు వాడినా తప్పు లేదు.

1989 అక్టోబరులో కమ్యూనిస్టు ప్రభుత్వానికి వ్యతిరేకంగా వీధుల్లోకి వచ్చిన నిరసనకారులకూ పోలీసులకూ మధ్య మాటలు జరిపించడంలో ఈ చర్చి యువ గురువు ఫ్రాంక్ రిక్టర్ పాత్ర ఉంది. మేయర్‌తో ప్రజా ప్రతినిధులు జరిపిన చర్చల ఫలితాన్ని ఊరికి వినిపించిన చర్చిల్లో ఇదీ ఒకటి. ఒకప్పుడు గంట మోగించలేని చర్చి ఊరివాళ్ల కోసం తలుపులు తెరిచిందన్నమాట.

వెళ్లేవాళ్లకు కొన్ని సూచనలు. బయటి రాళ్లు నల్లగా ఉన్నాయని అవన్నీ బాంబు మంటల మసి అనుకోకండి. ఎల్బె ఇసుకరాయిలో ఇనుము ఉంటుంది, గాలికీ పొగకూ ఏళ్లు గడిచేకొద్దీ అలా నల్లబడుతుంది. తెల్లగా కనిపించేవి తర్వాత మార్చిన రాళ్లు. సమాధి గదులకు మార్గదర్శితోనే పంపుతారు, సమయం ముందే కనుక్కోండి. 2002 ఆగస్టు వరదలో ఎల్బె నీళ్లు అక్కడిదాకా వచ్చాయి. యోహాన్ నెపోముక్ పేరిట ఉన్న చిన్న గదిలో ఫ్రీడ్రిష్ ప్రెస్ మైసెన్ పింగాణీతో చేసిన మరియమాత, ఆమె ఒడిలో క్రీస్తు ఉన్నారు. బాంబుదాడి మృతుల స్మారకం అది. ఆర్గాన్ కచేరీ దొరికితే వదలకండి. ఒకరోజు చేతిలో ఉంటే రైలెక్కి గంట ప్రయాణంలో బౌట్సెన్‌కు వెళ్లి పునీత పేతురు దేవాలయం కూడా చూడండి. 1524 నుంచి ఒకే కప్పు కింద బలిపీఠం వైపు భాగం కథోలికులది, ముందు భాగం లూథరన్లది. మధ్యలో ఒకప్పుడు నిలువెత్తుకు మించిన కటకటాలు ఉండేవి, ఇప్పుడు నడుము ఎత్తుకు తగ్గించారు.